ఆరో సిలిండరు దగ్గరి సందు

“చేతిలో ఉన్న పనిని వదిలిపెట్టి, చేతిలో లేనిదాని గురించి అడుగుతావేమిరా? ముందు ఆ గుడ్డ కింద పెట్టు. తుడిచిన చేతినే ఎన్నిసార్లు తుడుస్తావు?”

దస్తగిరి మేస్త్రి ఈ మాట అన్నది తన శిష్యుడు చౌడప్పను. కుడి కంటికి శుక్లం తీయించుకుని అప్పటికి పది రోజులైంది. ఎడమ కన్ను ఎప్పటినుంచో మసక. నల్లద్దాలు పెట్టుకుని షెడ్డులో కుర్చీ మీద కూర్చున్నాడు. నెల దాటేదాకా వంగకూడదు, దుమ్ములోకీ సెగలోకీ ముఖం పెట్టకూడదు అని డాక్టరు చెప్పాడు. శిష్యుడి ముఖం ఆయనకు ఆనలేదు గాని, గుడ్డ ఆడుతున్నట్టు మాత్రం తెలిసింది.

చౌడప్ప గుడ్డ కింద పెట్టాడు. అతను అడిగిన ప్రశ్న ఇది: “నిజం చెప్పాల్సిన సాధనమే అబద్ధం చెబితే, పనివాడు ఏం చేయాలి మేస్త్రీ?”

మేస్త్రికి వాదించే అలవాటు లేదు. ఎవరు ఏమి అడిగినా ఒక పని చెప్పేవాడు. ఆ పని ముగిసేసరికి అడిగినవాడు తన ప్రశ్నను తానే వెనక్కి తీసుకునేవాడు, లేకపోతే ఇంకో ప్రశ్నతో వచ్చేవాడు. ఆ రోజు కూడా అట్లాగే జరిగింది. అయితే జరిగింది చెప్పేముందు ఆ ప్రశ్న ఎక్కడినుంచి పుట్టిందో చెప్పాలి.

కదిరి ఊరి బయట, మదనపల్లె రోడ్డు పక్కన మేస్త్రి షెడ్డు. దాని తలుపు పక్కన మేకుకు ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉంటుంది. షెడ్డులో ఎవరి చేతిలో ఏది విరిగినా ఆ ముక్కను తీగకు గుచ్చి, అక్కడ ఉన్నవాళ్ళంతా వినేటట్టు “ఇది నా చేతిలో విరిగింది” అనాలి. అంతే శిక్ష. తిట్టు లేదు, జీతంలో కోత లేదు. ఆ తీగకు అన్నిటికంటే లోపల తుప్పు పట్టిన వాల్వు స్ప్రింగు ముక్క ఒకటి ఉంది. అది ఎవరి చేతిలో విరిగిందో ఇప్పటి పనివాళ్ళెవరికీ తెలియదు.

ఆ షెడ్డులో ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పని పూర్తయిన బండి యజమాని చేతికి వెళ్ళాలంటే మేస్త్రి నోటితో “తీసుకుపో” అనాలి. ఆ మాట పడనిదే బండి గేటు దాటదు. కంటి ఆపరేషనుకు పోతూ మేస్త్రి ఆ మాటను నెల రోజులకు చౌడప్పకు అప్పగించాడు. పదకొండేళ్ళుగా తన దగ్గర పని చేసిన మనిషి. నాలుగేళ్ళుగా తీగకు ఒక్క ముక్క కూడా గుచ్చని చెయ్యి. “చౌడప్ప చేతిలో ఇనుము కూడా మాట వింటుంది” అని బండ్లవాళ్ళు అనేవారు. మొదట్లో ఆ మాటకు అతను సిగ్గుపడేవాడు. తరవాత దానికి అలవాటుపడ్డాడు. ఆ పైన అది లేకపోతే ఎట్లా అని భయపడటం మొదలుపెట్టాడు. మంచి పేరు మనిషిని కాపాడుతుందని అనుకుంటాం. మనిషే దానికి కాపలా కూర్చునే రోజు కూడా వస్తుంది.

అప్పగించిన పని ఆదెమ్మ పికప్పు.

ఆదెమ్మ తనకల్లు దగ్గర పల్లెలో చాకీ కేంద్రం నడుపుతుంది. పట్టుపురుగులు గుడ్డు నుంచి బయటపడిన దగ్గరినుంచి రెండో జ్వరం లేచేదాకా, అంటే రెండుసార్లు పొర విడిచేదాకా పెంచి, ఆ తరవాత రైతులకు అందిస్తుంది. చిన్న పురుగు పసిబిడ్డకంటే సున్నితం. కుదుపు పనికిరాదు, వేడి పనికిరాదు, పొగాకు చేత్తో ముట్టుకుంటే ఆకు తినడం మానేస్తుంది. అందుకని ఆమె తండ్రి కాలం నుంచి పురుగులను మోసేది ఒకటే బండి. రిజర్వాయరు పనులు అయిపోయినప్పుడు ఆయన వేలంలో పాడి తెచ్చుకున్న పాత పెట్రోలు పికప్పు. ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఆ వరస వల్ల ఇంజను వణకదు. తట్టలోని పురుగుకు బండి నడుస్తున్నట్టే తెలియదు. ఆయన కేబిను వెనక రేకు కోసేసి, వెనక కట్టిన డబ్బాతో కలిపి ఒకటే గదిలాగా చేశాడు, నడిపే మనిషికి వెనక తట్టలు కనబడుతూ ఉండాలని. తండ్రి తరవాత ఆదెమ్మే నడుపుతోంది.

దానికున్న జబ్బు కార్బురేటరు. ఎండ పెరిగితే పెట్రోలు పొంగి కారేది. ఆ వాసనకు కిందటి నెల నాలుగు తట్టల పురుగులు ముడుచుకుపోయాయి. డీజిలు ఇంజను వేస్తే కుదుపు. అందుకని మేస్త్రి ఆలోచించి, ఇంజను అదే ఉంచి, కార్బురేటరు తీసేసి, కొలిచి పెట్రోలు చిమ్మే ఇంజెక్షను పెడదామన్నాడు. దానికొక చిన్న కంప్యూటరు. పొగ గొట్టంలో కూర్చుని పొగలో మిగిలిన గాలి ఎంతో పసిగట్టి కంప్యూటరుకు చెప్పే సెన్సారు ఒకటి. గాలి ఎక్కువని సెన్సారు చెబితే కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. తక్కువంటే తగ్గిస్తుంది.

చౌడప్ప ఆ పనిని నిజంగానే బాగా చేశాడు. వైర్లు ఒక్కొక్కటి చుట్టి, ఎక్కడా రాపిడి తగలకుండా కట్టాడు. పంపు, గొట్టాలు, అన్నీ కొత్తవి. ఒక్కచోట తప్ప.

సెన్సారు పెట్టాలంటే ఆరు సిలిండర్ల పొగనూ ఒకచోటికి చేర్చే పాత గొట్టాన్ని, అంటే మానిఫోల్డును, మార్చాలి. దాన్ని ఇంజనుకు పట్టి ఉంచే మరమేకులు, స్టడ్లు, పన్నెండు. నలభై ఏళ్ళ సెగకు అవి ఇనుములో ఇనుమై కరుచుకుపోయి ఉంటాయి. వాటికి ఒక రోజంతా కిరసనాయిలు తాగించి, వేడి చేసి, పావు చుట్టు ముందుకూ పావు చుట్టు వెనక్కూ తిప్పుతూ బతిమాలాలి. పదకొండింటిని చౌడప్ప అట్లాగే బతిమాలాడు. పన్నెండోది ఆరో సిలిండరు పక్కన, కేబిను రేకు దగ్గర, చెయ్యి సరిగా దూరని చోట ఉంది. ఒక్కటే కదా అని స్పానరుకు పైపు తొడిగి లాగాడు. టక్కుమంది. స్టడ్ ఇంజను మట్టానికి విరిగిపోయింది.

అప్పుడు షెడ్డులో ఎవరూ లేరు. మిగతా పనివాళ్ళు ఇద్దరూ టీకి పోయారు. చౌడప్ప తలుపు పక్కనున్న తీగవైపు చూశాడు. నాలుగేళ్ళ ఖాళీ. విరిగిన ముక్కను జేబులో వేసుకున్నాడు. కొత్త మానిఫోల్డు బిగించేటప్పుడు ఆ చోట సెగకు తట్టుకునే లప్పం పూసి, అందులో ఒక నట్టును అతికించాడు. పైనుంచి చూస్తే పన్నెండు నట్లు పన్నెండు చోట్ల ఉన్నాయి. పదకొండు పట్టుకుంటే చాలదా అనుకున్నాడు. నెల తరవాత సర్వీసుకు వచ్చినప్పుడు మెల్లగా సరిచేద్దాం అనుకున్నాడు. ముందు తప్పు చేసి, తరవాత దానికొక తేదీ పెట్టుకోవడం మనుషులకు తెలిసిన పనే. ఆ తేదీ వాళ్ళకు తప్ప ఇంకెవరికీ కనబడదు.

బుధవారం ఆదెమ్మ వచ్చింది. చౌడప్ప “తీసుకుపో అక్కా” అన్నాడు. ఆ మాట తన నోట ఎంత నిండుగా పలికిందో అతనికే ఆశ్చర్యమనిపించింది.

శుక్రవారం పొద్దున ఆమె తిరిగి వచ్చింది. వచ్చేముందు మేస్త్రికి ఫోను చేసింది. అందుకే మేస్త్రి నల్లద్దాలతో, గొడుగు వేసుకుని షెడ్డుకు వచ్చాడు.

“అన్నా, బండి బాగా లాగుతాంది. కుదుపు లేదు. పెట్రోలు వాసన పోయింది,” అంది ఆదెమ్మ. “ఆ వాసన పోయి ఇంకోటి వచ్చింది. నా ముక్కుకు తెలియలా. నిన్న ఒక తట్ట పక్కన పెట్టుకుని అయిదు మైళ్ళు పోయి వచ్చినా. పురుగులు తల ఎత్తుకున్నాయి. రెండు పూటలు ఆకు ముట్టలా.”

“జ్వరానికి కూడా తల ఎత్తుతాయి కదక్కా,” అన్నాడు చౌడప్ప.

ఆమె అతనివైపు తిరిగింది. “ఇరవై రెండేళ్ళుగా వాటికి ఆకు కోసి వేస్తాండా నాయనా. జ్వరానికి తల ఎత్తిన పురుగు కదలదు, నిద్రపోతాది. వాసనకు ఎత్తింది తల అటూ ఇటూ ఆడిస్తాది, ఎటు పోదామా అని. నాకు ఇంజను చెప్పు, పురుగును చెప్పొద్దు.”

మేస్త్రి నవ్వాడు. తరవాత అడిగాడు, “రేపు ఎన్ని తట్టలమ్మా?”

“నూట పది. పద్నాలుగు మంది రైతులు. పొద్దు పొడిచేలోపల పోవాల. రెండో జ్వరం లేచిన పురుగు ఒక్క పూట ఆగదు. వేరే బండ్లు ఉండాయి, అన్నీ డీజిలే, అన్నీ కుదుపే.” ఆమె తన పికప్పువైపు చూసింది. “కిందటి నెల నాలుగు తట్టలు పోతే ఓర్చుకున్నారు. ఈసారి కూడా పురుగు చెడితే నా గడప ఎవరూ తొక్కరన్నా. తొక్కమని నేను అడగను కూడా.”

“చౌడప్పా, ఏమంటావు?” అన్నాడు మేస్త్రి.

చౌడప్ప సెల్ఫు కొట్టి చూపించాడు. సైలెన్సరు నుంచి నల్లగా పొగ వచ్చింది. సెన్సారు గాలి ఎక్కువని చెబుతోందనీ, అందుకే కంప్యూటరు పెట్రోలు గుమ్మరిస్తోందనీ, సెన్సారే చెడిపోయి ఉండాలనీ చెప్పాడు. కొత్తది బెంగళూరు నుంచి రావడానికి మూడు రోజులు. లేకపోతే దాని వైరు కోసి, కంప్యూటరు దాని మాట వినకుండా చేయవచ్చు. పొగ అయినా తగ్గుతుంది.

ఆ మాటల్లో సెన్సారు చెడిపోయిందన్నది ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజం. ఆ ఒక్క అబద్ధాన్ని అన్ని నిజాల మధ్య కూర్చోబెట్టడమే అతను చేసిన నేర్పు. ఆ నేర్పు తన చెవులకే వినబడినందువల్ల కాబోలు, నిజం చెప్పాల్సిన సాధనం గురించి ఆ పెద్ద ప్రశ్న అడిగాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మేస్త్రి గద్దింపు తిన్నాడు.

“ఆదెమ్మా, ఒక తట్ట తెచ్చినావా?” అన్నాడు మేస్త్రి.

“తెచ్చినా. కొత్తది, నిన్నటిది కాదు. మీరు అడుగుతారని తెలుసు.”

“నా కంటికి డాక్టరు సెలవిచ్చినాడు. ఈ పొద్దు నాకు కళ్ళు చౌడప్పవే. రేయ్, నువ్వు ఏమీ విప్పొద్దు, ఏమీ బిగించొద్దు. కేబినులో కూర్చుని పురుగులను చూడు. ఏమి చూస్తే అది చెప్పు. చూసిందే చెప్పు.”

ఆదెమ్మ అతన్ని అట్లా ఎక్కనివ్వలేదు. చేతులు సబ్బుతో కాదు, సబ్బుకు కూడా వాసన ఉంది, బూడిదతో మోచేతుల దాకా కడిగించింది. పనిచొక్కా విప్పించి, తన సంచిలోంచి ఉతికిన తువ్వాలు ఇచ్చి కప్పుకోమంది. “మా పురుగులను చూసే దానికి పెండ్లిచూపులకంటే ఎక్కువ ముస్తాబు కావాల,” అంది. చౌడప్పకు నవ్వు రాలేదు.

ఇంజను ఆపి ఉంచారు. తలుపులు, అద్దాలు మూశారు. అతని పక్కన సీటు మీద తట్ట. ఆదెమ్మ సన్నగా కోసిన లేత మల్బరీ ఆకు చల్లి వెళ్ళింది. పురుగులు బియ్యపు గింజంత పొడవు, వందల కొద్దీ. ఆకు మీదికి పాకి, అంచు నుంచి కొరకడం మొదలుపెట్టాయి. చెవి దగ్గర పెడితే మంచు రాలుతున్నంత సన్నని చప్పుడు.

“ఏమి చూస్తాండావు?” మేస్త్రి బయటినుంచి అడిగాడు.

“తింటాండాయి మేస్త్రీ. అన్నీ.”

పావుగంట అట్లాగే గడిచింది. ఇంజను ఆపి ఉన్నంతసేపూ ఒక్కటీ తల ఎత్తలేదు. చౌడప్ప ఒంటి వాసన కాదని, ఎండ కాదని, తట్ట కాదని దానితో తేలిపోయింది. మేస్త్రికి ఏ పరీక్షనైనా అట్లా ఒక్కొక్క సాకునూ తీసేస్తూ చేసే అలవాటు.

“ఇప్పుడు సెల్ఫు కొట్టు.”

ఇంజను మేలుకుంది. ఎంత నిలకడగా ఉందంటే ఆకు మీది నీటిచుక్క కూడా కదల్లేదు. చౌడప్ప పురుగులను చూస్తూ కూర్చున్నాడు. మొదట ఏమీ కాలేదు. ఇక ఏమీ కాదేమో అని అతని గుండెలో ఒక ఆశ పుట్టింది. ఆ ఆశకు అతను సిగ్గుపడలేదు, అప్పటికింకా.

తట్ట ముందు అంచున, ఇంజనువైపు కుడి మూల దగ్గర, నాలుగైదు పురుగులు తినడం ఆపాయి. ముందు సగం పైకి ఎత్తాయి. తల అటూ ఇటూ ఆడించాయి. వాటి వెనక వరస ఆపింది. దాని వెనక ఇంకో వరస. కుడి మూల నుంచి ఎడమకు, ముందునుంచి వెనక్కు, గాలి తోసుకొచ్చినట్టు తలలు లేస్తూ వచ్చాయి. చౌడప్ప ఆ మూల నుంచి ఎదురుగా చూశాడు. కేబిను రేకులో వైర్లు దూరే పాత రంధ్రాలు ఉన్నాయి. రేకుకు అవతల, జానెడు దూరంలో, ఆరో సిలిండరు.

అతనికి ఇక ఏదీ దాగలేదు. సందులోంచి పొగ తన్నినప్పుడల్లా కొంత ఇటు వస్తోంది. తన్ను ఆగిన క్షణంలో అదే సందు బయటి గాలిని లోపలికి పీలుస్తోంది. ఆ గాలే పోయి సెన్సారుకు తగులుతోంది. గాలి ఎక్కువగా ఉందని సెన్సారు అంటోంది. ఎక్కువగానే ఉంది. సెన్సారు పెట్టినరోజు నుంచి నిజమే చెబుతోంది.

“ఏమి చూస్తాండావు?” మళ్ళీ మేస్త్రి గొంతు.

చౌడప్ప తట్ట మీంచి చూపు ఎత్తాడు. అద్దం అవతల ఆదెమ్మ నిలబడి ఉంది. తలుపు పిడి మీద ఆమె చెయ్యి ఉంది గాని, మేస్త్రి తెరవొద్దన్నందుకు తెరవడం లేదు. ఆమె చూపు తట్ట మీద లేదు. చౌడప్ప ముఖం మీద ఉంది. తలెత్తిన పురుగుల్ని చూసినట్టే చూస్తోంది.

తలలు ఎత్తాయని మాత్రం చెబితే చాలు. ఆ మాట నిజమే. కారణం సెన్సారు పెంచిన పొగ అని కూడా చెప్పవచ్చు. అది సగం నిజం. తనకు కనబడింది చెప్పమన్నాడు మేస్త్రి, తనకు తెలిసింది చెప్పమనలేదు. ఇట్లా అతని మనసు దారి వెతికింది. తట్టలో వందల తలలు కూడా అదే పని చేస్తున్నాయి, ఎటు పోదామా అని. వాటికి దారి లేదు, తట్టకు అంచులున్నాయి. అతనికి తలుపు ఉంది.

ఇంజను ఆపాడు. తట్టను రెండు చేతులా ఎత్తుకుని, తలుపును కాలితో తోసి, దిగి, వేపచెట్టు నీడలో బల్ల మీద పెట్టాడు. తరవాత మేస్త్రి ముందుకు వచ్చి నిలబడ్డాడు. చుట్టూ పనివాళ్ళు ఇద్దరూ ఉన్నారు, ఆదెమ్మ ఉంది.

“ఆరో సిలిండరు స్టడ్ నా చేతిలో విరిగింది మేస్త్రీ. లప్పంతో నట్టు అతికించినా. పొగ అక్కడినుంచే వస్తాంది. సెన్సారు బాగుండాది.”

మేస్త్రి ఆ గొంతువైపు ముఖం తిప్పాడు.

“పైపు తొడిగినావా?”

“తొడిగినా.”

“మిగతా పదకొండింటికి?”

“లేదు.”

“పన్నెండోదానికి ఏమి తొందర?”

“ఒకటే మిగిలింది కదా అని.”

ఆదెమ్మ తట్ట మీద కొంగుతో విసురుతూ అక్కడినుంచే అంది. “నూట తొమ్మిది తట్టలకు ఆకు వేసి, నూట పదోదానికి రేపు వేస్తాలే అంటే నా పని ఏమవుతాది చౌడప్పా?” ఆమె గొంతులో కోపం ఉంది. అయితే పొద్దున వచ్చినప్పటి భయం మాత్రం లేదు. జబ్బు ఎక్కడుందో తెలిసింది. తెలిసిన జబ్బుకు మందు ఉంటుంది.

ఇంకాసేపటికి ఆమె విసరడం ఆపింది. “దించినాయి,” అంది.

అందరూ వెళ్ళి చూశారు. పురుగులు ఒక్కొక్కటిగా తలలు దించి, ఆకు అంచు వెతుక్కుని, మళ్ళీ కొరుకుతున్నాయి. చిత్రమేమంటే, పేరు పోయిన ఆ క్షణంలో చౌడప్పకు ఆకలి వేసింది. ఎనిమిది రోజులుగా అన్నం రుచి తెలియలేదు.

అన్నం తిని పనిలో దిగాడు. మధ్యాహ్నం ఎండలో బండి రెక్క మీద బోర్లా పడుకుని మానిఫోల్డు విప్పాడు. మట్టానికి విరిగిన స్టడ్ మీద నట్టు పెట్టి వెల్డింగు చేశాడు. మొదటిసారి నట్టు ఊడివచ్చింది. రెండోసారి కూడా ఊడింది. మేస్త్రి దూరంగా కుర్చీలో, ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుని, “ఇప్పుడేమి చేస్తాండావు?” అని అడుగుతూనే ఉన్నాడు. చౌడప్ప చేసేది చేసినట్టు చెబుతూనే ఉన్నాడు. మూడోసారి వెల్డింగు పెట్టి, ఎర్రదనం పోయేదాకా ఆగి, కిరసనాయిలు తాగించి, పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు.

“కదిలింది మేస్త్రీ.”

“పైపు తొడగలేదు కదా?” అంది ఆదెమ్మ. షెడ్డంతా నవ్వింది. చౌడప్ప కూడా నవ్వాడు.

పొద్దు వాలేలోపల కొత్త స్టడ్, కొత్త ప్యాకింగు పడ్డాయి. కేబిను రేకులోని రంధ్రాలకు కొత్త రబ్బర్లు వేశాడు. అవి ఎవరూ చెప్పని పని. సెల్ఫు కొడితే మొదట ఒక గుక్క నల్లపొగ వచ్చింది. తరవాత కంప్యూటరు కుదురుకుంది. సైలెన్సరు దగ్గర పెట్టిన తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. మళ్ళీ తట్ట, మళ్ళీ మూసిన అద్దాలు, మళ్ళీ చౌడప్ప. ఈసారి అరగంట. ఒక్క తల లేవలేదు.

దిగివచ్చి, జేబులోంచి విరిగిన స్టడ్ ముక్క తీశాడు. ఎనిమిది రోజులూ అది ఏ చొక్కా తొడిగితే ఆ చొక్కా జేబులోకి మారుతూ వచ్చింది. పారేయడానికి చెయ్యి రాలేదు, చూపడానికి నోరు రాలేదు. దాన్ని తీగకు గుచ్చి, అనాల్సిన మాట అన్నాడు.

ఆదెమ్మ తాళంచెవి పట్టుకుని నిలబడింది. ఆమె మేస్త్రివైపు చూసి, చౌడప్పవైపు చూసింది. ఆ మాట అప్పగించిన నెల ఇంకా పూర్తి కాలేదు. అనాలనుకుంటే చౌడప్పే ఆ మాట అనవచ్చు.

“మీరే చెప్పండి మేస్త్రీ,” అన్నాడు చౌడప్ప. “నేను చెబితే అక్క తీసుకుపోతాది. తీసుకుపోయి దారంతా తట్టలే చూసుకుంటాది.”

ఆదెమ్మ కాదనలేదు.

“అయితే నువ్వు చూసినదంతా మొదటినుంచి చెప్పు,” అన్నాడు మేస్త్రి. చౌడప్ప చెప్పాడు. పన్నెండు స్టడ్లు, ప్యాకింగు, రబ్బర్లు, గుడ్డ, అరగంట, తలలు. మేస్త్రి అంతా విని, “తీసుకుపో తల్లీ” అన్నాడు.

మరునాడు పొద్దు పొడవకముందే ఆదెమ్మ నూట పది తట్టలూ ఎక్కించింది. చౌడప్ప ఎవరూ పిలవకుండా వెళ్ళి, ఆ మూల దగ్గర, అద్దాలు మూసిన బండిలో, పద్నాలుగో రైతు గడప దాకా కూర్చున్నాడు. పొగ వస్తే ముందు తనకే తగలాలని. తగల్లేదు. చివరి రైతు తట్ట అందుకుని, పురుగుల మీద ఆకు చల్లి, ముఖం వంచి వింటూ, “బాగా తింటాండాయమ్మా” అన్నప్పుడు ఆదెమ్మ స్టీరింగు మీద తల ఆనించి కొంతసేపు అట్లాగే ఉంది. తరవాత లేచి, “టీ తాగుదాం రా నాయనా, వీళ్ళింట్లో పాలు బాగుంటాయి,” అంది.

చౌడప్పకు ఆ మాట మళ్ళీ వెంటనే దక్కలేదు. మేస్త్రి కన్ను బాగైంది. నల్లద్దాలు తీసేశాడు. పెద్ద పనులన్నీ చౌడప్పకే ఇచ్చేవాడు, ఒక్క మాటా గుర్తు చేసేవాడు కాడు. అయితే పని పూర్తయిన ప్రతి బండి దగ్గరా చౌడప్ప నిలబడి చేసినదంతా చెప్పుకోవాలి. మేస్త్రి విని, తన నోటితో “తీసుకుపో” అనాలి. తన కింద పని నేర్చుకున్నవాళ్ళ ముందు, బండ్లవాళ్ళ ముందు, అతను అట్లా నిలబడ్డాడు. తీగ మీది కొత్త ముక్క ఏమిటని అడిగినవాళ్ళకు తానే చెప్పాడు. ఇనుము కూడా మాట వింటుందని అతని గురించి ఇక ఎవరూ అనలేదు. అట్లా పద్నాలుగు నెలలు. ఒక మధ్యాహ్నం, ఒక లారీ దగ్గర అతను చేసినదంతా చెప్పి ఆగితే, మేస్త్రి లేచి టీకి వెళ్ళిపోయాడు. లారీ అతను చౌడప్ప ముఖం చూస్తూ నిలబడ్డాడు. చౌడప్పకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తరవాత “తీసుకుపో అన్నా” అన్నాడు. మాట ఈసారి నిండుగా పలకలేదు, మెల్లగా పలికింది.

ఆ సాయంత్రం షెడ్డు మూస్తూ అతను అడిగాడు. “ఆ పొద్దు అబద్ధం చెప్పే సాధనం గురించి నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు మేస్త్రీ.”

మేస్త్రి తలుపు పక్కన తీగను చేత్తో పట్టుకుని ముక్కలను ఒక్కొక్కటిగా జరుపుతూ పోయాడు. చౌడప్ప స్టడ్ దాటి, మిగతావన్నీ దాటి, లోపలి చివరన ఉన్న ఆ తుప్పు పట్టిన స్ప్రింగు దగ్గర వేలు ఆగింది.

“నీకు పద్నాలుగు నెలలు పట్టింది,” అన్నాడు. “దీనికి నాకు మూడేళ్ళు పట్టింది. తాళం వెయ్యి, పోదాం.”